నోరు తిరగని హీబ్రూ

చరిత్ర మరోలా నడిచి ఉంటే ఏమయ్యేదని ఊహించుకునే వాళ్లకు హీబ్రూ మంచి సరుకు. సుమారు 1700 ఏళ్లు ఎవరింట్లోనూ తల్లిభాషగా లేకుండా, ప్రార్థనల్లో పుస్తకాల్లో బతికిన భాష మళ్లీ వంటింట్లోకి, వీధిలోకి వచ్చింది. ఆ పని తూర్పు యూరప్ యూదులు కాకుండా యెమెన్ యూదులు చేసి ఉంటే హీబ్రూ ఎలా వినిపించేది? ఊహ అందంగానే ఉంది. కానీ జరగడానికి నిజంగా వీలున్నది ఇంకొకటని నా అభిప్రాయం: తూర్పు యూరప్ యూదుల సొంత ఉచ్చారణ, అంటే అష్కెనాజీ పలుకు, గెలవడం.

తెలుగు బైబిల్ చదివేవాళ్లు 119వ కీర్తనలో ఆలెఫ్, బేత్, గీమెల్ అంటూ ఎనిమిది వచనాలకు ఒకటి చొప్పున 22 హీబ్రూ అక్షరాల పేర్లు చూసే ఉంటారు. అందులో తేత్ వేరు, తౌ వేరు. ఇవాళ టెల్ అవీవ్‌లో రెండూ ఒకటే త. హేత్‌కు, మెత్తని కఫ్‌కు కలిపి గొంతు గీరే ఒకటే ఖ. గొంతు లోతుల్లోంచి రావాల్సిన అయిన్ చాలామంది నోట అసలు పలకదు. మన పిల్లలు శ, ష దగ్గర తడబడినట్టే అక్కడి పిల్లలూ ఏ అక్షరం రాయాలో తెలీక తడబడతారు. యెమెన్ రాజధాని సనాలోని యూదులకు ఈ ఇబ్బంది ఉండేది కాదు. ఇంట్లో అరబ్బీ మాట్లాడేవాళ్లకు అయిన్, హేత్ పలకడం ఒక లెక్కా?

అసలు జరిగింది చూద్దాం. 1858లో ఇప్పటి బెలారస్‌లో, తూర్పు యూరప్ యూదుల ఇంటిభాష ఇద్దిష్ మాట్లాడే ఇంట్లో పుట్టిన ఎలియెజర్ బెన్ యెహూదా 1881లో యెరూషలేము చేరాడు. అక్కడ వేర్వేరు దేశాల యూదులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి వాడే హీబ్రూ సెఫార్దీ, అంటే స్పెయిన్ మూలాలున్న యూదుల, పలుకుది. పైగా ఇద్దిష్ వాసన తగిలితే కొత్త తరానికి పరాయి గడ్డ మీద పడ్డ అవమానాలు గుర్తొచ్చేవి. అలా సెఫార్దీ గెలిచింది. అయిన్‌ను, హేత్‌ను, తేత్‌ను పాత పద్ధతిలోనే పలకాలని 1913లో హీబ్రూ భాషా సంఘం చెప్పింది కూడా. చెప్పడం వరకు బాగానే ఉంది, నేర్పే టీచర్లకే నోరు తిరగలేదు. సెఫార్దీలో నోటికి తేలికైనవి తీసుకుని, కష్టమైన హల్లులు వదిలేశారు.

ఇజ్రాయెల్ రేడియోలో వార్తలు చదివేవాళ్లు చాలాకాలం అయిన్‌ను శుద్ధంగా పలికారు. వినేవాళ్లు తమ పలుకు మార్చుకోలేదు. అదే శుద్ధమైన అయిన్ సహజంగా పలికే ఇరాక్, యెమెన్ కుటుంబాల పిల్లలేమో నామోషీగా ఉండి దాన్ని వదులుకున్నారు. రేడియోలో పలికితే గొప్ప, వాళ్లు పలికితే మోటు!

ఉత్తరాన ఉన్న గలిలయలో జరిగిన చిన్న కథ కూడా ఇదే చెబుతుంది. యిత్సాక్ ఎప్‌స్టైన్ అనే టీచర్ ప్రభావంతో అక్కడి బడుల్లో బేత్‌ను అన్నిచోట్లా బ అనే నేర్పారు, మిగతా చోట్ల వ అనాల్సిన సందర్భంలో కూడా. పిల్లలు అలాగే మాట్లాడారు. తర్వాత దక్షిణాది పలుకు ముందు అది నిలవలేదు. అంటే టీచరు నోరు భాషను మార్చగలదు, జనం లెక్క దాన్ని చెరిపేయగలదు. యెమెన్ యూదులు 1881 నుంచే వస్తున్నా బడులు, పత్రికలు, డబ్బు యూరప్ వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. 1949-50లో దాదాపు 49,000 మంది విమానాల్లో దిగేసరికి హీబ్రూ తల్లిభాషగా పెరిగిన తరం ఒకటి అప్పటికే తయారైపోయింది. కాబట్టి ఊహలో కమిటీ తీర్మానం మారిస్తే చాలదు, టీచర్లనే మార్చాలి.

అష్కెనాజీ పలుకుకైతే ఆ చిక్కు లేదు. టీచర్లకు చిన్నప్పటి నుంచీ వచ్చిందే. హీబ్రూ కవి బియాలిక్ తన పేరుపొందిన కవితలు చాలావరకు ఆ ఉచ్చారణలోని ఊనికతోనే రాశాడు. ఇవాళ్టి పలుకులో చదివితే ఆ ఛందస్సు కుంటుతుంది.

ఇక్కడే నాకు బాగా నచ్చే మెలిక ఉంది. కామెత్స్ అనే అచ్చు గుర్తును సెఫార్దీలు మామూలుగా ఆ అంటారు. అష్కెనాజీల ఊరు విల్నాలో (ఇప్పటి లిథువేనియా రాజధాని) ఓ అనేవారు, సనాలోనూ దాదాపు ఓ. మధ్యలో చుక్క లేని తౌ అక్షరాన్ని సెఫార్దీలు చాలామంది త అంటే, విల్నాలో స, సనాలో నాలుక పళ్ల మధ్య పెట్టి పలికే థ. శనివారం ఒకరికి షబ్బాత్, ఇంకొకరికి షబ్బోస్, మరొకరికి షబ్బోథ్. ఒకరి ముఖం ఒకరు చూడని రెండు ఊళ్లు ఒక తేడాను కాపాడుకున్నాయంటే అది పాతదే అయి ఉండాలి. తిబెరియలో అచ్చుల గుర్తులు స్థిరపరిచిన పండితులు కామెత్స్‌కు, ఆ అని పలికే పతాహ్‌కు వేర్వేరు గుర్తులు పెట్టారు. రెండూ ఒకటే ఆ అయితే ఆ శ్రమ ఎందుకు? సెఫార్దీయే అసలైన పలుకన్న నమ్మకం కనీసం ఈ రెండు చోట్ల నిలవదు.

విల్నా పలుకు గెలిచిన ఆ ప్రపంచంలో, 1949లో విమానం దిగిన యెమెన్ తాత షబ్బోథ్ అంటే ఎదుటివాళ్లు షబ్బోస్ అనేవారు. ఇప్పటి షబ్బాత్ కన్నా అది అతని చెవికి దగ్గర. అతని అయిన్ మాత్రం అక్కడా మనవళ్ల దాకా వచ్చేది కాదు.