పేగుల్లో కిలోల చెత్తేమీ లేదు మహాప్రభో!

"పేగులు కడుక్కోండి, రోగాలన్నీ పోతాయి" మెసేజ్ మళ్లీ వచ్చింది. పంపింది బాగా చదువుకున్న స్నేహితుడే, కింద దండం బొమ్మ, "అందరికీ పంపండి" అని ఆర్డరు. సరే, ఓపిక ఉన్నంతవరకు ఒక్కొక్కటే చూద్దాం.

ఒంట్లో మన కణాల కంటే బ్యాక్టీరియా పది రెట్లు ఎక్కువట. అది పాత లెక్క. 2016లో మళ్లీ లెక్కేస్తే బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లు, మన కణాలు సుమారు 30 లక్షల కోట్లు అని తేలింది. దీనివల్ల ఎవరికీ నష్టం లేదు, వదిలేద్దాం.

అన్ని రోగాలూ కడుపులోనే పుడతాయట. మలేరియా కూడానా?

ఇక ఒళ్లు మండేది ఇక్కడ. పెద్దపేగు గోడలకు ఏళ్ల తరబడి ఐదు కిలోల చెత్త అతుక్కుని ఉంటుందట, ఏదో పొడి వారం తాగి, ఆపైన పరగడుపున లీటరు ఉప్పునీళ్లు పట్టిస్తే మొత్తం ఊడి వస్తుందట. సాక్ష్యంగా ఓ ఫోటో, తాడులా సాగిన నల్లటి పదార్థం. ఆ పొడిలో ఏముందో మెసేజ్‌లోనే రాశారు కదా: ఇసబ్‌గోల్, బెంటొనైట్ అనే బంకమట్టి. రెండూ నీళ్లు పీల్చి ఉబ్బే సరుకే. చెంచాడు పొడి గ్లాసు నీళ్లలో కలిపి కాసేపు వదిలేయండి, ఏ పేగూ అవసరం లేకుండానే చిక్కటి బంక తయారవుతుంది. పైనుంచి వేసిందే కిందనుంచి వచ్చింది, దానికి ఫోటో తీసి మరీ మురిసిపోతున్నారు! కొలనోస్కోపీ చేసే డాక్టర్లు రోజూ కెమెరాతో చూసేది తడిగా మెరిసే గులాబీ రంగు గోడల్నే. ఆ గోడ పైపొర కణాలు వారం తిరక్కుండానే రాలి కొత్తవి వస్తుంటే, ఏళ్లనాటి చెత్త దేన్ని పట్టుకుని వేలాడుతుందట? నవ్వి ఊరుకుందామంటే ఉప్పునీళ్లున్నాయి. బీపీ, గుండె, కిడ్నీ సమస్యలున్నవాళ్లు అంత ఉప్పు ఒక్కసారిగా తాగితే ఆసుపత్రి పాలయ్యే ప్రమాదం ఉంది. పైగా "మంచి బ్యాక్టీరియాను పెంచుకోండి" అని మెసేజ్ మొదటి పేరాలో చెప్పి, మూడో పేరాలో మొత్తం కడిగి పారేయమంటారు. ముందు ఏదో ఒకటి తేల్చుకోండి స్వామీ.

మనసు తీరును ప్రభావితం చేసే సెరటోనిన్ అనే రసాయనం 90 శాతం పేగుల్లోనే తయారవుతుంది కాబట్టి డిప్రెషన్ మాత్రలు మానేయాలట. మొదటి సగం దాదాపు నిజమే. కానీ ఆ సెరటోనిన్ రక్తంలోంచి మెదడులోకి దాటదు, మెదడు తనది తాను తయారుచేసుకుంటుంది. మాత్రలు హఠాత్తుగా ఆపితే తల తిరుగుడు, నిద్ర పట్టకపోవడం, జబ్బు తిరగబెట్టడం, ఇవన్నీ ఫార్వర్డ్ చేసినవాళ్లు వచ్చి చూసుకుంటారా?

పీచు ఎక్కువ తినమన్న ముక్క మాత్రం బంగారం. బ్యాక్టీరియా ఆ పీచును పులియబెట్టి చేసే బ్యూటిరేట్ అనే పదార్థమే పెద్దపేగు కణాలకు ముఖ్యమైన తిండి.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. గ్రూపులో అందరూ పగలబడి నవ్విన ఆఖరి లైను, అదే, ఒకరి మలాన్ని ఇంకొకరి పేగుల్లోకి ఎక్కించి నయం చేస్తారన్నది, ఈ మెసేజ్ మొత్తంలో గట్టి ఆధారాలున్న మాట. యాంటీబయాటిక్స్ వాడాక వచ్చి, మళ్లీ మళ్లీ తిరగబెట్టే క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే బ్యాక్టీరియా విరేచనాలకు అది బాగా పనిచేస్తుందని 2013లో నెదర్లాండ్స్ ట్రయల్‌లో తేలింది, 2022లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అలాంటి మందుకు అనుమతీ ఇచ్చింది. అలాగని "ఇంట్లోనే చేసుకోవచ్చు" అని తోక తగిలించకండి. సరిగ్గా పరీక్షించని దాత మలం నుంచి మందులకు లొంగని ఈ.కొలై బ్యాక్టీరియా సోకి ఒక రోగి చనిపోయారని 2019లో హెచ్చరించింది కూడా ఆ ఎఫ్‌డీఏనే.