తడి కాగితం, పొడి నివేదిక

లాభాపేక్ష లేని ముద్రణ చిత్రకళా కేంద్రం ఒకదానికి కార్యవర్గ సభ్యుడిగా ఉచిత సేవలందిస్తున్న నేను, అక్కడ నిరాటంకంగా సాగుతున్న కాలహరణాన్ని పాఠకుల దృష్టికి తేవడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

మొన్న పర్యవేక్షణకు వెళ్లేసరికి ఒక అమ్మాయి రాగి రేకు అంచులను ఆకురాయితో ఏటవాలుగా అరగదీస్తోంది. బొమ్మ ఏదమ్మా అని అడిగితే, అంచులు వాడిగా ఉంటే ప్రెస్సు ఒత్తిడికి కాగితమూ దాని మీద పరిచే ఉన్ని కంబళీ తెగిపోతాయని చెప్పి మళ్లీ పనిలో పడింది. ఆ తర్వాత రేకుకు మైనపు పూత వేసి, సూదితో గీసి, ఆమ్లంలో ఉంచి, గీతలు తగినంత లోతుగా తినేదాకా కాచుకుని, పూత కడిగి, సిరా పట్టించి, దాన్ని మళ్లీ గుడ్డతో, చివరకు అరచేత్తో తుడిచేసి, తడిపి ఆరబెట్టీ ఆరబెట్టని కాగితం మీద ఒత్తి తీసిన ప్రతిని చూసి, "ఇది ప్రూఫేనండీ, సరిచూసుకోవడానికి తీసిన ప్రతి" అని పక్కన పడేసింది. అదే సమయంలో మా ఆఫీసు గదిలోని జెరాక్సు యంత్రం నాలుగు తీర్మానాలను, ఏ ప్రూఫూ అక్కర్లేకుండా, యాభై మందికి సరిపడా అచ్చువేసింది.

ఈ కళాకారులకు లెక్కలూ సరిగా తెలియవు. ప్రతి బొమ్మ కింద పెన్సిలుతో 3/20 వంటి అంకెలు వేస్తారు. ఇరవై ప్రతుల్లో ఇది మూడోదని దాని అర్థమట. మా ఆడిటరు మాత్రం దాన్ని చూసి, పని 15 శాతమే పూర్తయిందనీ, మిగిలిన 85 శాతానికి సంజాయిషీ ఇవ్వాలనీ అభ్యంతరం రాశారు. ఆయన రాసింది గణితపరంగా నిర్దుష్టం కనుక కార్యవర్గం ఏకగ్రీవంగా ఆమోదించింది.

చరిత్ర కూడా మా పక్షానే ఉంది. 1796 ప్రాంతంలో జర్మన్ నాటక రచయిత జెనెఫెల్డర్ రాతి ముద్రణను కనిపెట్టింది తన నాటకాలను చవకగా అచ్చువేసుకోవడానికే తప్ప కళాసేవకు కాదు. నూనెకూ నీటికీ పడకపోవడమే ఆ విద్యకు మూలం. (మా కేంద్రంలో కళాకారులకూ కార్యవర్గానికీ అంతకన్నా పడదు గానీ, దాని నుంచి ఇంతవరకు ఒక్క బొమ్మా రాలేదు.) మన తెలుగువాడైన ముద్రణ చిత్రకారుడు కృష్ణారెడ్డి పారిస్ వెళ్లి, హేటర్ అనే చిత్రకారుడు 1927లో స్థాపించిన అటెలియే 17 అనే ముద్రణ కార్యశాలలో చేరి, సిరాలలో నూనె పాళ్లు మార్చి, మెత్తని రోలర్లనూ గట్టి రోలర్లనూ వాడి, ఒకే రేకు మీది రంగులన్నీ ఒకేసారి అచ్చయ్యే పద్ధతిని తీర్చిదిద్దినవారిలో ఒకరయ్యారు. ఆయన మా గ్రాంటు దరఖాస్తు నింపి ఉంటే "ప్రయోగ ఫలితాన్ని ముందుగా తెలుపుము" అన్న గడి దగ్గరే ఆగిపోయేవారు. మాకు అంత శ్రమ తప్పింది.

మాకు ఆదర్శప్రాయుడు జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ ఒక్కడే. 1515లో ఆయన ఖడ్గమృగాన్ని కళ్లారా చూడకుండానే, ఎవరో రాసి పంపిన వర్ణననూ ఒక చిత్తు బొమ్మనూ పట్టుకుని దాని చిత్రాన్ని చెక్కమీద అచ్చుకు ఎక్కించాడు. వీపు మీద లేని కొమ్మును కూడా మొలిపించాడు. మా వార్షిక నివేదికలోని "లబ్ధిదారులు" అన్న అధ్యాయం అచ్చంగా ఆ సంప్రదాయంలోనిదే. కొమ్ములు మాత్రం కాస్త ఎక్కువ.

కాబట్టి హాలులో సగం ఆక్రమించిన ప్రెస్సును తొలగించి, ఆ స్థలంలో ముద్రణ కళ ఎదుర్కొంటున్న సవాళ్లపై నెలనెలా సదస్సులు జరపాలని ప్రతిపాదించాను. దానికి ఆ అమ్మాయి బదులివ్వలేదు. ఇరవయ్యో ప్రతి తీసి ఆరబెట్టి, ఇక ఎవరూ మరో ప్రతి తీయకుండా రేకు మీద ఈ మూల నుంచి ఆ మూలకు అడ్డంగా ఒక గీత గీసేసింది. అన్నాళ్ల శ్రమను అలా చేజేతులా పాడుచేసుకోవడం చూసి నాకు నోట మాట రాలేదు. మా నివేదిక మూలప్రతి మీద ఇంతవరకు ఒక్క గీతైనా పడలేదు. ఏటా సంవత్సరం అంకె ఒక్కటి మార్చుకుంటే చాలు.