రేసు ఇంటర్‌కమ్ గారికి హైదరాబాద్ నుంచి విన్నపం

మహారాజశ్రీ రేసు ఇంటర్‌కమ్ గారికి,

మెహిదీపట్నం నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

హెల్మెట్లలో మైకూ స్పీకర్లై కూర్చుని, ఇంజన్ రొదలోనూ బండిలోవాళ్ల మాట ఒకరిది ఒకరికి వినిపిస్తారని మీ కీర్తి మా దాకా వచ్చింది. 1967 నుంచి నడుస్తున్న బాహా రేసుల్లో, మెక్సికో ఎడారి గుంతల మీద బండి ఎగిరెగిరి పడుతుంటే, పక్క సీటులోని కో-డ్రైవర్ "ముందు రాళ్లున్నాయ్" అంటాడట. డ్రైవర్‌కు వినబడుతుందట. అది సరే, విని స్లో చేస్తాడట! సముద్రంలో పవర్‌బోట్ సంగతి మరీ విడ్డూరం. స్టీరింగ్ ఒకరి చేతిలో, థ్రాటిల్ ఇంకొకరి చేతిలో. పడవ అల మీంచి గాల్లోకి లేస్తే ప్రొపెల్లర్‌కు నీళ్లందవు, ఇంజన్ వెర్రెత్తినట్టు తిరుగుతుంది. థ్రాటిల్ పట్టుకున్నవాడు ఆలోగానే తగ్గించాలి. ఇద్దరు పెత్తందార్లున్నా ఆ పడవ ముందుకే పోతోంది. మా అపార్ట్‌మెంట్‌కూ ఇద్దరే, అధ్యక్షుడూ కార్యదర్శీ. లిఫ్ట్ మాత్రం నాలుగో అంతస్తు దిగి రానంటోంది.

మీ మైకు పనితనం చూసి ముచ్చటేసింది. లోపలి పలుచని పొరకు రెండు వైపులా దారులు. దూరం నుంచి వచ్చే ఇంజన్ రొద రెండు వైపులా ఇంచుమించు సమానంగా తగిలి దానికదే చెల్లిపోతుంది. పెదవి దగ్గర పలికిన మాట ఒకవైపే గట్టిగా తగిలి లోపలికి పోతుంది. అందుకే మైకును పెదవికి దాదాపు ఆనించాలంటారు. దూరంగా ఉన్నదే రొద అని మీ నమ్మకం కాబోలు. ఒకసారి అమీర్‌పేట వచ్చి చూడండి.

మొన్న పంజాగుట్టలో బైక్ ట్యాక్సీ వెనక కూర్చుని "అన్నా, ఫ్లైఓవర్ ఎక్కకు, కిందికెళ్లి పో" అన్నాను. సరిగ్గా అప్పుడే వెనక బస్సు హారన్ కొట్టింది. బండి నడిపే కెప్టెన్ తల తిప్పకుండానే "ఏందన్నా?" అన్నాడు. "ఎక్కకు!" అని అరిచాను. "ఎక్కుతున్నా, ఎక్కుతున్నా. టెన్షన్ పడకు" అని ఎక్కేశాడు. హెల్మెట్‌లోకి దోపిన ఫోన్లో బావమరిదితో ప్లాటు బేరం మాత్రం గజం రేటుతో సహా ఒక్క ముక్క పోకుండా సాగింది.

మీలో గొంతు వినబడగానే మైకు దానంతటదే తెరుచుకునే రకం ఉందట, తెరుచుకునేలోపు మొదటి అక్షరం మింగేస్తుందని రేసర్ల గోల. మా ఇంట్లో నోటికి ఆ బాధ లేదు. ఒకసారి తెరుచుకుంటే మళ్లీ మూసుకునే తీరికే దొరకదు.

మీ పూర్వీకుల కథ కూడా చదివాను. 1955లో ఇటలీ రోడ్ల మీద జరిగిన మిల్లే మిలియా రేసుకు ముందు డ్రైవర్ స్టిర్లింగ్ మాస్, పక్కన కూర్చుని దారి చెప్పే డెనిస్ జెంకిన్సన్ ఇంటర్‌కమ్ పెట్టి చూశారు. మాస్ డ్రైవింగ్‌లో మునిగిపోతే చెవిలో పడ్డ మాట బుర్రకెక్కలేదు. చివరికి జెంకిన్సన్ చేతి సైగలు చేశాడు, రేసు గెలిచారు. చేతి సైగలు మా ఊళ్లోనూ బాగా వాడుకలో ఉన్నాయి, ఏ సిగ్నల్ దగ్గరైనా చూడొచ్చు. అన్నట్టు, 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ ఎలక్ట్రిక్ కార్లు పరుగెత్తాయి. నాకు తెలిసి ఆ రోడ్డు అంత ప్రశాంతంగా ఉన్నది రేసు జరిగినప్పుడే.

ఇక అసలు పని. సంక్రాంతికి కారులో ఊరికి పోవాలి. స్టీరింగ్ నాది. పక్కన మామయ్య, వెనక అత్తయ్య, మా ఆవిడ, బావ. నలుగురూ కో-డ్రైవర్లే. స్పీకర్లు ఐదు జతలు పంపండి, మైకు ఒక్కటి చాలు. అది ఎవరికన్నది ఇంట్లో తేలాక మళ్లీ రాస్తాను.

ఇట్లు,
మీ విధేయుడు