మైకు ఆవిడకు ఇవ్వాల్సింది

డిసెంబరులో అమెరికాలోని మన తెలుగు సంఘం విజయవాడలో చేసిన సేవా కార్యక్రమాల్లో కంటి శిబిరం, స్కాలర్‌షిప్పులు, సన్మానాలు అన్నీ బాగానే జరిగాయి. చివరిరోజు వేసిన సినిమా దగ్గరే నా మనసు కలుక్కుమంది. ఏళ్ల తరబడి భర్త చేతిలో దెబ్బలు తిన్న ఇల్లాలు, అతను పోగానే హంతకురాలన్న అనుమానంలో చిక్కుకునే కథ. అయ్యాక చర్చ ఉంటుందన్నారు. మూడో వరుసలో నేత చీర కట్టుకున్న పెద్దావిడ ఒకరు లేచి మైకు కోసం చెయ్యి చాపారు. ఈలోగా మన కమిటీ పెద్దాయన అందుకుని, "ఇవన్నీ బయటి దేశాల గొడవలు, మన కుటుంబాల్లో ఉండవు. భోజనాలకు పదండి" అన్నారు. హాలంతా చప్పట్లు.

ఉండవా? గుంటూరు బ్రాడీపేటలో మా వాటాకీ పక్క వాటాకీ మధ్య ఒక్కటే గోడ. పక్క వాటా పిన్నిగారు రోహిణి కార్తె ఎండల్లోనూ మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు వేసుకునేవారు. రాత్రి గిన్నెలు పడ్డ చప్పుడు వినపడితే మా నాన్నగారు రేడియో పెంచేవారు. తెల్లారి పంపు దగ్గర ఎవరూ ఏమీ అడిగేవారు కాదు. ఒకరోజు ఆవిడ భర్త మేడమెట్ల కింద చనిపోయి కనిపించాడు. అంతే, అదే పంపు దగ్గర అందరికీ అన్నీ గుర్తొచ్చాయి. ఏ పండక్కి కొట్టాడో, ఏ రాత్రి బయటికి గెంటి తలుపేసుకున్నాడో పోలీసులకు పూసగుచ్చినట్టు చెప్పారు. "అన్ని దెబ్బలు తిన్నది ఊరుకుంటుందా?" అన్నారు. ఇన్నేళ్లూ ఆవిణ్ని కాపాడటానికి నోరు పెగలని సాక్షులే వీళ్లంతా. పోస్టుమార్టంలో గుండెపోటని తేలేదాకా ఆవిడ స్టేషను చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. ఆ రోజుల్లో పిల్లలకు పూటపూటా కారియర్ పంపిందీ ఆ ఆడవాళ్లే. మనవాళ్ల ప్రేమ నాకు తెలుసు. అది ఎప్పుడూ ఆలస్యంగా వస్తుందనే నా బాధ.

బయటి దేశాల గొడవే అనుకున్నా, 1989లో ఇంగ్లండులో భర్తకు నిప్పంటించిన కిరణ్‌జిత్ అహ్లువాలియా పంజాబీ ఇల్లాలు. పదేళ్లు నరకం చూసింది. హత్యేనని యావజ్జీవం వేశారు. సౌత్‌హాల్ బ్లాక్ సిస్టర్స్ అనే మహిళా సంఘం వాళ్లు పట్టు వదలకుండా పోరాడారు, 1992లో ఆ శిక్ష రద్దై ఆమె బయటపడింది. అదీ పరాయిదేశంలో మనలాంటి వాళ్లు పెట్టుకున్న సంఘమే.

భార్యను హింసించారని భర్త మీద, అత్తమామల మీద పెట్టే 498ఏ (2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్) కేసులు దుర్వినియోగమవుతున్నాయని మన సభ్యులు అనేదాన్ని కొట్టిపారేయను. కొడుకు అమెరికాలో ఉంటే గుంటూరు కోర్టు మెట్లెక్కిన ముసలి తల్లిదండ్రుల్ని నేనూ చూశాను. కానీ వాళ్లకు మనం లాయర్ని చూసిపెడతాం. భర్త ఉద్యోగ వీసాను ఆధారం చేసుకుని ఇచ్చే హెచ్-4 వీసా మీద అమెరికా వచ్చి, చేతిలో డాలరు లేక, అర్ధరాత్రి బాత్రూములోంచి ఫోన్ చేసిన అమ్మాయికి మాత్రం "పెద్దవాళ్లం మాట్లాడతాం, సర్దుకో తల్లీ" అని పెట్టేస్తాం.

మహాసభల్లో పెళ్లి సంబంధాల పరిచయ వేదికకు గది ఇస్తున్నాం, రియల్ ఎస్టేటు స్టాళ్లకు హాలే ఇస్తున్నాం. ఈసారి ఈ ఆడపిల్లలకూ ఒక గది ఇవ్వండి. అందులో ఒక మహిళా లాయరు, ఒక కౌన్సెలర్ ఉండాలి. కమిటీ పెద్దలెవరూ దాని గడప తొక్కకూడదు. వచ్చే కార్యవర్గ సమావేశం అజెండాలో దీన్ని పెట్టండని చేతులు జోడించి అడుగుతున్నాను.