అధిక పెన్షనా, చేతిలో పీఎఫ్ సొమ్మా: లెక్క ఇద్దరి వయసులతో వేయాలి

గుంటూరు అరండల్‌పేటలో మా బాబాయి ఇంట్లో కొద్ది వారాలుగా మాటలన్నీ ఒకే కాగితం చుట్టూ తిరుగుతున్నాయి. పీఎఫ్ కార్యాలయం పంపిన డిమాండ్ లెటర్ అది. అధిక పెన్షన్ కావాలంటే ఖాతాలో ఉన్న సొమ్ములోంచి సుమారు 12 లక్షల రూపాయలను పెన్షన్ నిధికి మళ్లించడానికి మూడు నెలల్లోపు సమ్మతి తెలపాలి. సమ్మతిస్తే నెలనెలా వచ్చేది పెరుగుతుంది, కాదంటే 12 లక్షలు చేతికొస్తాయి. 1995 చివర్లో ఉద్యోగంలో చేరి, 30 ఏళ్లు పనిచేసి, 58 నిండి దిగిపోయిన మనిషి ఇంత పెద్ద నిర్ణయం ఇంతకు ముందెప్పుడూ తీసుకోలేదేమో.

ఈ పరిస్థితి ఎలా వచ్చిందో కొంచెం చెప్పుకోవాలి. 1995 నవంబరు 16న మొదలైన ఉద్యోగుల పెన్షన్ పథకంలో యజమాని చెల్లించే 12 శాతం వాటాలో 8.33 శాతం పెన్షన్ నిధికి వెళుతుంది. అయితే అది అసలు జీతం మీద కాదు, పరిమితి వేతనం మీద. ఆ పరిమితి మొదట 5,000, 2001 జూన్ నుంచి 6,500, 2014 సెప్టెంబరు నుంచి 15,000 రూపాయలు. అందుకే 50 వేల జీతం తీసుకున్నవారికి కూడా పెన్షన్ నాలుగైదు వేల దగ్గరే ఆగిపోయింది. 2014లో ప్రభుత్వం చేసిన సవరణలపై నడిచిన వివాదంలో 2022 నవంబరు 4న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, అసలు జీతం మీద పెన్షన్ కోరుకునే అవకాశం అర్హులైనవారికి మళ్లీ దక్కింది. దరఖాస్తు గడువు పదేపదే పొడిగించగా చివరకు 2023 జూలై 11న ముగిసింది. ఆనాడు కంప్యూటర్ సెంటర్ల ముందు నిలబడి పెట్టుకున్న దరఖాస్తులే ఇప్పుడు డిమాండ్ లెటర్లయి తిరిగి వస్తున్నాయి.

ఆ 12 లక్షలు జరిమానా కాదు. పెన్షన్ నిధికి వెళ్లకుండా పీఎఫ్ ఖాతాలో చేరి, ఏళ్ల తరబడి వడ్డీతో పెరిగిన వాటా. దాన్ని ఇప్పుడు వడ్డీతో సహా వెనక్కి ఇవ్వమంటున్నారు. 2014 సెప్టెంబరు తర్వాతి కాలానికి, 15,000కు మించిన జీతంపై మరో 1.16 శాతం కూడా యజమాని వాటాలోంచే పెన్షన్ నిధికి మళ్లించాలని కేంద్రం 2023 మే నెలలో నోటిఫికేషన్ ఇచ్చింది.

ఇక అసలు లెక్క. అంకెలను కాస్త గుండ్రం చేస్తున్నాను. బాబాయికి చివరి 60 నెలల సగటు జీతం, అంటే బేసిక్, డీఏ కలిపి, 54,000. సర్వీసు 30 ఏళ్లు, 20 ఏళ్లు దాటినందుకు కలిపే రెండేళ్లతో 32. సూత్రం తేలికే: సగటు జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగించాలి. అలా చూస్తే నెలకు దాదాపు 24,700 వస్తుంది. అధిక పెన్షన్ వద్దనుకుంటే, 2014 సెప్టెంబరుకు ముందున్న 19 ఏళ్లకు 6,500 మీద, తర్వాతి 13 ఏళ్లకు (కలిపిన రెండేళ్లతో సహా) 15,000 మీద లెక్కగట్టి సుమారు 4,550 ఇస్తారు. తేడా 20,000 పైచిలుకు. ఆ 12 లక్షలను సీనియర్ సిటిజన్ల పొదుపు పథకంలో 8.2 శాతానికి వేసి (పదవీ విరమణ సొమ్ము అందిన మూడు నెలల్లోపు వేస్తే 58 ఏళ్లకే అర్హత ఉంటుంది) నెలకు వచ్చే 8,200 వడ్డీ సరిపోక అసలులోంచి కూడా తీస్తూ అంతే మొత్తం వాడుకుంటే, డబ్బు ఆరున్నరేళ్లలో అయిపోతుంది. 65 ఏళ్లు దాటి బతుకుతానని నమ్మకమున్నవారెవరైనా పెన్షనే తీసుకోవాలి. ఇంత సులువైతే ఈ వ్యాసం రాయవలసిన అవసరమే ఉండేది కాదు.

చిక్కు ప్రొరేటా, అంటే సర్వీసును కాలాలవారీగా విడగొట్టి లెక్కగట్టే పద్ధతి, దగ్గర వస్తుంది. 2014 సెప్టెంబరుకు ముందు సర్వీసును ఒక ముక్కగా, తర్వాతి సర్వీసును మరో ముక్కగా విడగొట్టి, మొదటి ముక్కకు ఆనాటి జీతాన్నే ప్రాతిపదికగా తీసుకుంటే ఏమవుతుందో చూడండి. 2014 నాటికి బాబాయి సగటు జీతం 25,000 అనుకుందాం. మొదటి 19 ఏళ్లకు 6,800, తర్వాతి 13 ఏళ్లకు 10,000, వెరసి 16,800. మళ్లించవలసిన 12 లక్షల్లో రూపాయి కూడా తగ్గదు, పెన్షన్‌లో మాత్రం నెలకు దాదాపు 8,000 కోత పడుతుంది. ఇప్పుడు అదే 12 లక్షలు ఆ తేడా మొత్తాన్ని పదమూడున్నరేళ్లపాటు, అంటే 71 దాటేవరకు ఇవ్వగలవు. ఈ విభజనపై పెన్షనర్లు అభ్యంతరం చెబుతున్నది ఇందుకే. నా ఫిర్యాదు ఇంకొంచెం చిన్నది: కట్టవలసిన మొత్తాన్ని రూపాయలతో సహా తేల్చి చెప్పిన ఉత్తరంలో, రాబోయే పెన్షన్ ఎంతో ఒక్క వాక్యం లేదు. ధర చెప్పి, సరుకు ఎంత తూగుతుందో చెప్పని బేరాన్ని మన మిర్చి యార్డులో ఏ రైతూ ఒప్పుకోడు.

"నా వయసు వేసి చూశావా?" అని పిన్ని అడిగిన ప్రశ్న ఈ లెక్కంతటినీ ఇంకో వైపుకు తిప్పింది. ఆమె బాబాయికంటే ఏడేళ్లు చిన్నది. పెన్షన్ ఉంటే భార్యకు భద్రత అని అందరం అనుకుంటాం. కానీ పెన్షనరు మరణిస్తే జీవిత భాగస్వామికి వచ్చేది సగమే. మొదటి పద్ధతిలో పిన్నికి 12,300 వస్తుంది, మామూలు పెన్షన్‌లో వచ్చే 2,300 కంటే ఇది 10,000 ఎక్కువ. ప్రొరేటా అయితే 8,400, అంటే తేడా 6,100 మాత్రమే. 12 లక్షలు ఆమె పేరిట డిపాజిట్‌లో ఉండి, అదే 8.2 శాతం దొరికితే వడ్డీయే 8,200, పైగా అసలు చెక్కుచెదరదు. పెట్టుబడి వాపసు (కొంత మొత్తాన్ని ఒకేసారి తిరిగి ఇవ్వడం), కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగాన్ని ముందే ఒకేసారి తీసుకోవడం) సౌకర్యాలను ఈ పథకంలోంచి 2008లోనే తొలగించారు కనుక, ఇద్దరూ వెళ్లిపోయాక స్థిరపడిన పిల్లలకు మిగిలేదేమీ ఉండదు. పెన్షన్‌కు కరువు భత్యం కూడా లేదు. ఈనాటి 16,800 పదిహేనేళ్ల తర్వాతా 16,800గానే ఉంటుంది. పన్ను గురించి మాత్రం పెద్దగా బెంగ అక్కర్లేదు. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను పడదు కాబట్టి ఈ స్థాయి పెన్షన్‌కూ, వడ్డీకీ పెద్ద తేడా రాదు.

అంకెలు ఇలా చెబుతున్నా, నేను పీఎఫ్ సొమ్ము వైపు పూర్తిగా మొగ్గలేకపోతున్నాను. కారణం మన ఇళ్లు. ఎవరైనా రిటైరయ్యారంటే చాలు, డబ్బొచ్చిన సంగతి చుట్టాలందరికీ తెలిసిపోతుంది. రెండు రూపాయల వడ్డీకి ఇప్పిస్తామని ఒకరు, చీటీ వేయమని ఒకరు, అల్లుడి వ్యాపారానికి సర్దమని ఇంకొకరు వస్తారు. 2014 తర్వాత విజయవాడ, గుంటూరు మధ్య ఊళ్లలో రిటైర్మెంట్ సొమ్ముతో ప్లాట్లు కొని, 2019 తర్వాత అయిదేళ్లు ఆ కాగితాల వైపు చూడనైనా చూడలేకపోయినవారు మా బంధువుల్లోనే ఇద్దరున్నారు. పెన్షన్‌ను ఎవరూ చేబదులు అడగరు. నెలకోసారి వస్తుంది, అయిపోతుంది, మళ్లీ వస్తుంది. లెక్కలో కనిపించని ఈ గుణానికి నేను చాలా విలువ ఇస్తాను. దానికి ఎదురుగా ఆసుపత్రి ఖర్చు ఉంది. ఒక్క రాత్రిలో నాలుగైదు లక్షలు కట్టవలసి వస్తే నెలవారీ పెన్షన్ ఏ మూలకూ చాలదు.

కాబట్టి నా అభిప్రాయం ఇది. 32 ఏళ్లకూ చివరి సగటు జీతమే ప్రాతిపదిక అని రాతపూర్వకంగా తేలితే, ఆరోగ్యం మరీ దెబ్బతిననివారు పెన్షనే ఎంచుకోవాలి. ప్రొరేటా అయితే, ఈ 12 లక్షలు పోయినా చేతిలో ఆసుపత్రికి సరిపడా సొమ్ము విడిగా ఉన్నవారు మాత్రమే అటు వెళ్లాలి. భార్య బాగా చిన్నదై, భర్త ఆరోగ్యం అంతంతమాత్రమైతే వద్దనే చెబుతాను. 2020 జనవరి 1న ప్రభుత్వంలో కలిసిన ఆర్టీసీ ఉద్యోగులది వేరే కథ. వారి పీఎఫ్‌ను సంస్థ సొంత ట్రస్టు నిర్వహించింది కనుక, విజయవాడ బస్టాండులో కలిసే రిటైరైన కండక్టరు చెప్పిన లెక్కను ఇతర సంస్థలవారు తమకు వర్తింపజేసుకోకూడదు.

బాబాయి ఇంకా సమ్మతి పంపలేదు. ఏ పద్ధతిలో, ఏ సగటు జీతం మీద, నెలకు ఎంత ఇస్తారో తెలపాలంటూ ఒక దరఖాస్తు రాసి, పోయిన సోమవారం పీఎఫ్ కార్యాలయంలో ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకొచ్చాడు. గడువుకు ఇంకా 41 రోజులుంది. పిన్ని ఆ నకలును ఎల్ఐసీ బాండ్లు ఉండే రేకు పెట్టెలో పెట్టి తాళం వేసింది.