శ్రీకాకుళం ఎన్నారైలకి న్యాయం కావాలి

శ్రీకాకుళంలో ఇంట్లో కూర్చుని అమెరికా వాళ్ళకి కోడ్ రాసే ప్రతి మనిషినీ ప్రభుత్వం తక్షణమే ఎన్నారైగా గుర్తించాలని డిమాండ్ చేస్తున్నా. నవ్వకండి, సీరియస్‌గానే అంటున్నా. ఎన్నారై అంటే ఎవరండీ, వేరే దేశం పొద్దుకి లేచి వేరే దేశం పొద్దుకి పడుకునేవాడు, పండక్కి అందనివాడు, తిన్నావా అని ఫోన్లో అడిగించుకునేవాడు. ఇవన్నీ మాకూ ఉన్నాయి. పక్క గదిలో ఉన్న మా అమ్మ కూడా తిన్నావా అని వాట్సాప్‌లోనే అడుగుతుంది, తలుపు తీస్తే నేను హెడ్‌సెట్ చూపించి వేలు ఊపుతానని. పాస్‌పోర్ట్ మీద ముద్ర ఒక్కటే తక్కువ.

ముందు ఆరోగ్యం సంగతి. మన ఊరికి దేశంలో పేరొచ్చిందే సూర్యుడి వల్ల. ఆరోగ్యం భాస్కరాదిచ్ఛేత్ అని చెప్పుకుంటూ ఎక్కడెక్కడి జనమో ఆదివారాలు అరసవల్లి వచ్చి మొక్కు తీర్చుకుని పోతారు, ఆ స్వామికి కూతవేటు దూరంలో కాపురముంటున్న నాకు మాత్రం విటమిన్ డి లేదంట. రిపోర్ట్ చూసి డాక్టరు గారు ఏ దేశంలో ఉంటున్నావు బాబూ అనడిగారు. ఇక్కడే, అరసవల్లి రోడ్డండి అన్నా. ఆయన పెన్ను కింద పెట్టేశారు. తర్వాత వారానికొకటి పాలల్లో కలుపుకోమని 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్ రాశారు. కిటికీ పక్కనే కూర్చుంటానండీ అంటే అద్దంలోంచి వచ్చే ఎండ చెమట పట్టించడానికి తప్ప డి తయారవడానికి పనికిరాదట. నా లెక్క ప్రకారం ఇది జబ్బు కాదు, ట్రాన్స్‌ఫర్ సమస్య. నా వాటా ఎండ న్యూజెర్సీలో ఎవడి పెరట్లోనో వేస్టుగా పడుతోంది, దాని గురించి ఏ ఎంపీ గారూ పార్లమెంటులో అడగరు.

ఇక భక్తి. అరసవల్లిలో ఏటా మార్చిలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి పొద్దున్నే సూర్యకిరణాలు గుళ్ళోకొచ్చి స్వామి పాదాల్ని తాకుతాయి, మబ్బు అడ్డు రాకపోతే. ఏ మీటింగ్ ఇన్వైటూ లేకుండా, రిమైండరూ లేకుండా అన్నేళ్ళుగా టైముకి వస్తున్నాడాయన. అమెరికా వాళ్ళు మాత్రం అదే మార్చిలో రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకి తోసేస్తారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి లాగుతారు, దాంతో వేసవంతా సాయంత్రం 7 గంటలకుండే మా స్టాండప్, అంటే రోజూ జరిగే టీమ్ మీటింగ్, చలికాలం వచ్చేసరికి 8కి జరిగిపోతుంది, అంటే సరిగ్గా అన్నం టైముకి. 2025లో అయితే ఆ రెండో ఆదివారం మార్చి 9న పడింది, కిరణాలు పడే రోజులవే. మా ఇంట్లోవాళ్ళు తెల్లారకముందే గుడికి వెళ్ళి క్యూలో నిలబడితే నేను ఆన్‌కాల్‌లో, అంటే ఏది ఆగిపోయినా చూసుకునే డ్యూటీలో, ఉండి ల్యాప్‌టాప్ ముందు కాపలా. మన మధ్యాహ్నం పన్నెండున్నరకి అక్కడ రాత్రి 2 గంటలు, ఆ క్షణంలోనే 3 అయిపోయింది. రెండున్నరకి దానంతటదే నడవాల్సిన బిల్లుల ప్రోగ్రామ్, మేం జాబ్ అంటాం, నడవలేదు, ఎందుకంటే ఆ రాత్రి రెండున్నర అనేదే లేదు.

ఇది మేనేజర్‌కి అర్థమయ్యేలా చెప్పడానికి సాయంత్రమైంది. మా అమ్మకి ఒక్క ముక్కలో అర్థమైపోయింది. "ఏటుందిరా అందులో, క్షయ తిథి లాంటిది గావాల" అంది ప్రసాదం చేతిలో పెడుతూ. నవంబరులో ఒంటిగంటన్నర రెండుసార్లు వస్తుందమ్మా, అప్పుడు జాబ్ రెండుసార్లు నడిచి బిల్లులు డబుల్ పడే ప్రమాదముంది అంటే "అధిక మాసం వచ్చినప్పుడు వ్రతం రెండుసార్లు సేత్తామేటి? నిజ మాసంలో సేత్తాం. మీకు సెప్పేవోళ్ళు లేరేటి?" అంది. నిజమే కదా, 2023లో శ్రావణం రెండుసార్లు వచ్చింది, వరలక్ష్మీ వ్రతం ఒక్కసారే చేశారు, ఏ పేరంటానికీ డబుల్ బిల్లు పడలేదు. మా క్లయింటు కంపెనీ ఇకనుంచీ సీనియర్ ఆర్కిటెక్ట్ పోస్టుకి పంచాంగం చదవడం వచ్చినవాళ్ళనే తీసుకోవాలని నా వినయపూర్వక సలహా.

హాబీల గురించి ఎక్కువ చెప్పను, లేవు కాబట్టి. బొబ్బిలి నుంచి తెచ్చిన బుల్లి వీణ ఒకటి వీడియో కాల్‌లో నా తల వెనక కనపడుతుంది. పనసకర్ర, ఒకే దుంగని తొలిచి ఏకాండి వీణలు చేసే వాళ్ళ చేతిపని అని చెప్తే అవతలివాడు బ్యూటిఫుల్ గిటార్ అన్నాడు, టికెట్, అంటే నంబరేసిన ఆ ఫిర్యాదు, క్లోజ్ చేశాడు. మా ఊళ్ళో స్టేడియానికి కోడి రామ్మూర్తి గారి పేరు. ఏనుగుని ఛాతీ మీద ఎక్కించుకున్న మనిషండీ ఆయన, మేం ఒకటిన్నర కేజీ ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని నడుం పట్టేసిందని బెల్టు కట్టుకుంటాం, ఆ స్టేడియం వైపు వెళ్ళాల్సొస్తే తలొంచుకుని వెళ్తాం.

కుటుంబంలో మాత్రం ఈ ఉద్యోగం వల్ల గౌరవం పెరిగిందనే చెప్పాలి. మన పెళ్ళి ముహూర్తాలు సగం అర్ధరాత్రి దాటాకే కదా, రెండు దాటేసరికి పందిట్లో అందరూ కుర్చీల్లో వాలిపోతారు, పెళ్ళికొడుకుతో సహా. నిటారుగా మెలకువగా ఉండేవాడు ప్రోగ్రామర్ ఒక్కడే. అందుకని మొన్న మా మేనత్త కొడుకు పెళ్ళిలో "బావా, నీకెలాగూ నిద్రుండదు" అని విడిది తాళాలు, జీడిపప్పు డబ్బా, చదివింపుల పుస్తకం అన్నీ నాకే అప్పజెప్పారు. ఒళ్ళో పుస్తకం, చెవిలో క్లయింటు, ఒకటి రెండు చోట్ల పేరుకి బదులు టికెట్ నంబర్ పడిందని తర్వాత తెలిసింది, ఆ పెద్దమనుషులకి ఇంకా అలక తీరలేదు.

మా ఎన్నారై పిటిషన్ ఆ పందిట్లోనే తయారైంది. వీధిలో ఉన్న నైట్ షిఫ్ట్ వాళ్ళంతా సంతకాలు పెట్టారు, మా ఆవిడ సాక్షి సంతకం కూడా పెట్టింది, పెడుతూ "నిజంగా వెళ్ళిపోయినా తేడా తెలీదులే" అంది. అమ్మ దగ్గరే ఆగింది. ఎన్నారై అని గవర్నమెంటు కాయితం ఇస్తే చుట్టాలు చదివింపులు డాలర్లలో ఆశిస్తారని ఆవిడ భయం, రాబోయే మాఘమాసంలో మా వైపు పెళ్ళిళ్ళు నాలుగున్నాయి.