పాముకు పురుడు పోయుట

ఆడపిల్ల పురిటికని అమెరికా వెళ్ళే తల్లిదండ్రులు ఇప్పుడు తెలుగునాట ఇంటికొకరు. ఆరు నెలల అనుమతి, పెట్టెలో శొంఠి, వాము, పాత చీరలు చింపిన పొత్తిగుడ్డలు. పురుడు పోసి, బారసాల చేసి, తిరిగి విమానం ఎక్కుతారు. నిరుడు వసంతంలో మేమిద్దరం డాలస్ శివారుకు వెళ్ళింది కూడా అలాంటి శుభకార్యం మీదే. కాకపోతే నెలలు నిండింది మా అమ్మాయికి కాదు, ఆమె పదహారేళ్ళ కొడుకు పెంచుతున్న పాముకు.

తెలుగులో పాముల ప్రసవశాస్త్రం మీద సరైన రచన లేదు. ఆ లోటు తీర్చే బాధ్యత నాలాంటి విశ్రాంత ఉద్యోగి మీదే పడుతుంది గనుక అనుభవపూర్వకంగా రాస్తున్నాను.

పాము పేరు బాల్ పైథాన్. పుట్టిల్లు పశ్చిమ ఆఫ్రికా: ఘనా, టోగో, బెనిన్ ప్రాంతాలు. విషం లేదు. భయం వేస్తే తల లోపలికి దాచుకుని బంతిలా చుట్టుకుపోతుంది. అలిగిందంటే నెలల తరబడి తిండి ముట్టదు. ఈ రెండు లక్షణాలూ కలిసిన అల్లుళ్ళను మా వంశంలో చూసి ఉన్నాను కాబట్టి నాకు పెద్దగా వింత అనిపించలేదు.

మా ఆవిడకు మాత్రం మొదటి రోజే అనిపించింది. కరివేపాకు కోసం ఫ్రీజరులో చెయ్యి పెడితే పక్కనే సంచిలో గడ్డకట్టిన ఎలుకలు తగిలాయి. వాటిని వేడినీళ్ళలో కరిగించి పాముకు పెడతారట. ఏకాదశి ఉపవాసం ఆ వారం నాలుగు రోజులు నడిచింది. ఐదో రోజున అల్లుడు ఇంకో చిన్న ఫ్రీజరు కొని గ్యారేజీలో పెట్టాడు. ఎలుకలు వేరు కాపురం పెట్టాకే ఆవిడ పొయ్యి వెలిగించింది.

ఇక పెళ్ళి సంగతి. అడవిలో ఈ పాము గోధుమరంగు మచ్చలతో, నల్లటి పట్టీలతో ఉంటుంది. ఆఫ్రికా మట్టిలో దాక్కోవడానికి అంతకు మించిన రంగు లేదు. బజారులో మాత్రం ఆ రంగుకు కానీ విలువ లేదు. 1992లో అమెరికాలో ఒకాయన పెంపకంలో తొలిసారి అల్బినో పిల్లలను పుట్టించాడు. అక్కడినుంచి రంగుల వెర్రి పట్టుకుంది. ఒక్కో రంగును మార్ఫ్ అంటారు. పాస్టెల్, బనానా, క్లౌన్, పైబాల్డ్... ఇలా పేర్లు. పైకి మామూలుగా కనిపిస్తూ లోపల రంగు జన్యువును దాచుకున్న పామును 'హెట్' అంటారు. అలాంటి ఇద్దరు తల్లిదండ్రులకు పుట్టిన మామూలు రంగు పిల్లల్లో మూడింట రెండు పాళ్ళు హెట్‌లే గనుక, డబ్బా మీద '66 శాతం హెట్' అని నిజాయితీగా చీటీ రాసి అమ్ముతారు. ఇన్నేళ్ళలో నేనెన్నో సంబంధాలు చూశాను. 'అబ్బాయికి తాతగారి షుగరు వచ్చే అవకాశం ఇంత శాతం' అని జాతకం కింద రాసిన పెళ్ళిళ్ళ పేరయ్య ఒక్కడూ తగలలేదు.

అంత నిజాయితీపరులూ ఒకచోట బోల్తాపడ్డారు. స్పైడర్ అని ఒక రకం ఉంది. ఒళ్ళంతా సాలెగూడులాంటి సన్నని గీతలు, చూడముచ్చటగా ఉంటుంది. ఆ అందం ఇచ్చే జన్యువే తల వణుకు కూడా ఇస్తుంది. లోపలి చెవిలో లోపం. తల గిర్రున తిరుగుతుంది, ఎలుకను పట్టబోయి గురి తప్పుతుంది. వణుకు లేకుండా ఆ రంగు పుట్టించడం ఇంతవరకు ఎవరి వల్లా కాలేదు. బ్రిటన్‌లో ఒక సంఘమైతే తన ప్రదర్శనల్లో దాని అమ్మకమే నిషేధించింది. అయినా కొనేవాళ్ళు కొంటూనే ఉన్నారు. పిల్ల తెల్లగా ఉంటే తక్కినవి సర్దుకుపోవచ్చుననే సూత్రాన్ని మన పెళ్ళిచూపుల నుంచి అక్కడికి ఎవరు మోసుకెళ్ళారో విచారణ జరగాలి.

మా మనవడు స్పైడర్ జోలికి పోలేదు. అంతవరకు వాడి పెంపకం మంచిదే. పాస్టెల్ పిల్లకు బనానా వరుణ్ణి తెచ్చాడు. పాము కాళ్ళు పాముకెరుక అని మన పెద్దలు ఊరికే అనలేదు. పైథాన్లకు తోక మొదట్లో కాళ్ళ ఆనవాళ్ళుగా రెండు చిన్న గోళ్ళు ఉంటాయి. వరుడు వాటితో వధువు వీపు గోకుతాడు. అంతకు మించి వివరించడం ఈ పత్రికా మర్యాద కాదు.

వరుడు లేకపోయినా ఆగవలసిన పని లేదట. 2020 జులైలో సెయింట్ లూయిస్ జంతుప్రదర్శనశాలలో అరవై దాటిన ఒక బాల్ పైథాన్, కనీసం పదిహేనేళ్ళుగా మగవాడి మొహం చూడకుండానే ఏడు గుడ్లు పెట్టింది. ఈ వార్త చదివి వినిపిస్తే మా ఆవిడ, "దాన్ని ఎవరూ ఏమీ అనలేదా?" అని మాత్రం అడిగింది.

గర్భిణి కుబుసం విడిస్తే అక్కడికి నెల రోజులకు గుడ్లు పెడుతుందని లెక్క. దాన్ని సీమంతంగా భావించాను. ఆ నెలంతా ఇంట్లో గట్టిగా మాట్లాడడం నిషేధం. పాములకు బయటి చెవులే లేవని నేను గుర్తుచేస్తే, అదురు తెలుస్తుంది తాతయ్యా అన్నాడు. మా అమ్మాయి కడుపుతో ఉన్నప్పుడు కింది ఇంట్లో పిండిమర ఆడేది. ఎవరూ ఆపించలేదు.

ఐదు గుడ్లు పెట్టింది. ఒకటి పసుపుపచ్చగా, చిన్నగా ఉంది. పొల్లు గుడ్డు. తక్కిన నాలుగూ తెల్లగా, తోలు సంచుల్లా ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. అడవిలో అయితే తల్లి వాటిని చుట్టుకుని రెండు నెలలు పస్తుంటుంది. మన కొండచిలువ అయితే ఒళ్ళు వణికించి మరీ గుడ్లకు వేడి పుట్టిస్తుంది. ఇక్కడ ఆ ఉద్యోగం పాత ఫ్రిజ్‌ది. చల్లబరచడానికి పుట్టిన ఫ్రిజ్‌లో వేడి పట్టీ, థర్మోస్టాట్ అమర్చి 31 నుంచి 32 డిగ్రీల మధ్య నిలబెట్టాడు. తేమ పట్టి ఉంచే వెర్మిక్యులైట్ అనే ఖనిజపు పలుకులు తడిపి పరుపు వేశాడు. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టెక్సస్ చీకటిలో మునిగినప్పటి భయం ఇంకా పోలేదు కాబట్టి పక్కన బ్యాటరీ. కరెంటు పోతే మేము విసనకర్రలతో సర్దుకోవాలి, గుడ్లకు లోటు రాకూడదు. తల్లిని మాత్రం గోరువెచ్చని నీళ్ళలో కడిగాడు. గుడ్ల వాసన పోతే గాని అది తిండి ముట్టదట. పదకొండో రోజు పురిటి స్నానం వీడికి ఎవరూ నేర్పలేదు.

కోడిగుడ్డును తిప్పుతుండాలి, పాముగుడ్డును తిప్పకూడదు. తిప్పితే లోపలి పిల్ల చచ్చిపోయే ప్రమాదం ఉంది. అందుకని ప్రతి గుడ్డు నెత్తిన నల్ల పెన్నుతో చుక్క పెట్టాడు. దిష్టిచుక్క అనుకుని మా ఆవిడ మొదటిసారి మనవడి వైపు మెచ్చుకోలుగా చూసింది. నాగుల చవితికి పుట్టలో గుడ్డు వేసి వచ్చే కులాచారం మాది. పాము పెట్టిన గుడ్డును ఇంట్లోకి తెచ్చుకోవడం ఆవిడకు లెక్క తప్పినట్టుంది గాని, చుక్క చూశాక రోజూ ఒకసారి ఫ్రిజ్ వైపు తొంగిచూసేది.

ఇక్కడొక హెచ్చరిక. ఇది చదివి ఎవరూ పుట్ట తవ్వకండి. మన నాగుపాము, కొండచిలువ 1972 వన్యప్రాణి చట్టం కింద ఉన్నాయి. ఇంట్లో పెడితే పురుడు మీకు జైల్లో పోస్తారు. విదేశీ బాల్ పైథాన్ ఉన్నా నమోదు చేయించాలి, దానికి పిల్లలు పుడితే ఆ సంగతీ తెలపాలి. జనన ధ్రువపత్రం కోసం నేను మునిసిపాలిటీ చుట్టూ తిరిగిన తిరుగుడు తలచుకుంటే, పాముల మీద జాలి కలుగుతోంది.

యాభై అయిదో రోజున మనవడు చిన్న కత్తెర తెచ్చి గుడ్డు పెంకుకు కిటికీ కోశాడు. పిల్లలు వాటంతట అవే చీల్చుకుని వస్తాయి. ముట్టెకు అందుకోసమే ఒక పన్ను ఉంటుంది. కానీ లోపల ఏ రంగు ఉందో చూడాలని వీడి ఆత్రం. కడుపులో ఉన్నది ఆడో మగో చూడడం మన దేశంలో 1994 చట్టం ప్రకారం నేరమని చెప్పాను. "ఆడవైతే మంచిదే తాతయ్యా, ఆడపాముకే ధర ఎక్కువ" అన్నాడు. ఒక మగపాము చాలామంది ఆడపాములకు సరిపోతుంది కాబట్టి పెంపకందార్లకు కావలసింది ఆడవే. ఈ మాట విని మా ఆవిడ కాసేపు మాట్లాడలేదు. ముగ్గురు ఆడపిల్లల తరువాత పుట్టిన నాలుగో ఆడపిల్ల ఆవిడ.

నాలుగూ బయటికి వచ్చాయి. రెండు పాస్టెల్, ఒకటి బనానా. రెండు రంగులూ కలిసిన పసుపు పిల్ల కోసం వాడు చేసిన తపస్సు ఫలించలేదు. నాలుగోదానికి ఏ రంగూ అంటలేదు. అడవి పాములా గోధుమరంగు, నల్ల పట్టీలు. వారం దాటాక నాలుగూ తొలి కుబుసం విడిచాయి. ఆర్లింగ్టన్‌లో జరిగే సరీసృపాల సంతకు తీసుకెళ్ళాలని, పెరుగు డబ్బాల్లాంటి పారదర్శకమైన డబ్బాల్లో పెట్టి చీటీలు అంటించాడు. నాలుగో డబ్బా మీద 'నార్మల్, ఆడ' అని రాసి పక్కకు నెట్టాడు.

"దీన్నెవరూ కొనరు అమ్మమ్మా, ఎలుకల ఖర్చు కూడా రాదు."

మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని డబ్బాలోకి చాలాసేపు చూసింది. తరువాత పెన్ను అందుకుని వాడి చేతికిచ్చింది.

"అలా రాస్తే ఎవరు వస్తారురా? చామనచాయ, కళ గల ముఖం, సంప్రదాయ కుటుంబం అని రాయి."